ఏ నెలలో రావాలంటే

దిలోరం,
పీటర్స్‌బర్గ్ రావడానికి మంచి కాలమేదో చెప్పమన్నావు.
ఇక్కడ ఆ మాట అడిగితే
నలుగురిలో ముగ్గురు జూన్ అంటారు,
నాలుగోవాడు ఈ ఊళ్లోనే పుట్టాడు గనక
ఏమీ అనడు.

జూన్‌లో రాత్రి పదకొండింటికి
దీపం వెయ్యకుండా సూదిలో దారం ఎక్కించొచ్చు, నిజమే.
నిద్ర మాత్రం ఉండదు.
కిటికీకి దుప్పటి అడ్డంగా మేకులేసి బిగిస్తాను,
అయినా సందుల్లోంచి దూరుతుంది వెలుతురు,
పిల్లి వంటింట్లో దూరినట్టు.
పోప్లార్ చెట్ల దూది టీ కప్పులో తేలుతుంది.
పైపులు బాగుచేస్తామని
రెండు వారాలు వేడినీళ్లు కట్టేస్తారు.
నేనేమో వంతెన మీద డ్యూటీలో ఉంటాను.
అర్ధరాత్రి దాటాక మీట నొక్కితే
వంతెన రెండుగా విడి ఆకాశంలోకి లేస్తుంది,
ఒడ్డున వేలమంది ఫోన్లు పైకెత్తుతారు.
ఇరవై ఆరేళ్లుగా దాన్ని లేపుతున్నాను.
ఒక్కసారీ ఒడ్డు నుంచి చూసింది లేదు.

జనవరి సంగతి నీకు చెప్పేదేముంది.
నూలు మిల్లు హాస్టల్లో ఆ ఒక్క చలికాలం,
దిండు కింద మీ సమర్‌ఖండ్ ఎండు ఆప్రికాట్లు,
గడ్డకట్టిన నేవా మీద మనిద్దరం నడుస్తుంటే
సగంలో ఆగి
"కింద నీళ్లు పోతూనే ఉన్నాయా?" అన్నావు.
నేను తెలిసినట్టే తలూపాను.
ఇప్పుడా చలి కూడా నిలకడగా పడదు,
పగలు కరిగి రాత్రి అద్దమైపోతుంది.
పై అంతస్తు కపితలీనా పాలకని వెళ్లి
తుంటి విరగ్గొట్టుకుంది.

సెప్టెంబరు బాగుంటుందని రాయబోయాను.

ఇక్కడిదాకా నిన్నటి ఉత్తరం.
రాత్రి నీ మేనల్లుడు ఫరూఖ్ ఫోన్ చేశాడు.
నీ చూపు నడిమధ్య నుంచి చెరిగిపోతోందట,
మనిషి ఎదురుగా ఉంటే మొహం ఉండాల్సిన చోట పొగ,
చుట్టూ అంచులు మాత్రం మిగిలాయట.
పై ఏటికి ఎంత ఉంటుందో
డాక్టరు చెప్పలేదట.
నువ్వు ఒక్క ముక్క రాయలేదు.
మంచి కాలమేదని మాత్రం అడిగావు.

కాగితం చింపలేదు. తిరగేశాను.

ఏప్రిల్ చివర్లో రా.
ఎవరూ ఎవరినీ రమ్మనని రోజులు.
చెట్లకి ఆకుండదు, గడ్డి ఇంకా మట్టి రంగే,
ఫొటో తియ్యడానికి పనికొచ్చేదేదీ ఉండదు.
అప్పటికి నది మంచు ఎప్పుడో పోయుంటుంది,
అందరూ కోట్లు మడిచి బీరువాలో పెట్టేసుంటారు.
అప్పుడు వదులుతుంది పైనున్న లదోగా సరస్సు
తన మంచుని.
రెండు రోజులు, ఒక్కో ఏడు మూడు,
పెళ్లలు పెళ్లలుగా రాసుకుంటూ దిగుతుంది.
దగ్గరగా వింటే
గాజుల మలారం మెట్ల మీంచి జారినట్టు
ఆగకుండా, ఆగకుండా.
అది పోయేదాకా ఓడలు రావు,
వంతెనకీ నాకూ రాత్రులు ఖాళీ.
ఈసారి ఒడ్డున నేనూ నిలబడతాను.
నీ పాత ప్రశ్నకి జవాబు
నీళ్లే చెబుతాయి.

ఇంకో వారం ఆగితే కోర్యుష్క వస్తుంది.
చేప దోసకాయ వాసన వేస్తుందంటే
ఆనాడు పొట్ట పట్టుకు నవ్వావు,
మార్చిలోనే వెళ్లిపోయావు, రుజువు చూపలేకపోయాను.
ట్రామ్ స్టాపులో అట్టపెట్టెల్లో పోసి అమ్ముతారు,
అప్పుడే తరిగిన దోసకాయ,
వీధి వీధంతా.
బజారుకి దారి నువ్వే చూపించు,
నేను సంచీ మోస్తాను.

ఉన్ని మేజోళ్లు మర్చిపోకు,
లదోగా మంచు దిగే రోజు
గాలి చలికాలానికి వెళ్లి వస్తుంది.
ఆప్రికాట్లు వద్దని నేననను.
విమానం దిగి బయటికొచ్చే తలుపు దగ్గర
ఎర్రకోటుతో ఉంటాను.
నీకు ఎదురుగా రాను, దిలోరం.
కాస్త పక్కకి,
నీ చూపు అంచున నిలబడతాను.

నీ రిమ్మా